అటక మీది చేంతాడు: తిత్లీ తుపాను తర్వాత మా ఊళ్లో 14 రోజులు

హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మేం విశాఖపట్నంలో మద్దిలపాలెం దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో, నాలుగో అంతస్తులో ఉండేవాళ్లం. 2014 అక్టోబరు 12, ఆదివారం. తుపాను వస్తోందని నాలుగు రోజుల ముందు నుంచీ టీవీల్లో చెబుతూనే ఉన్నారు. మేమూ సిద్ధంగానే ఉన్నామనుకున్నాం. రెండు పెట్టెల కొవ్వొత్తులు, టార్చిలైటుకి సెల్లులు, బిస్కెట్ ప్యాకెట్లు, బ్రెడ్డు తెచ్చి పెట్టుకున్నాం. పొద్దుటి నుంచీ కొట్టిన గాలి మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగింది. అయిపోయిందనుకుని కొందరు కిందికి దిగారు. అది తుపాను కన్ను. కాసేపటికి రెండో వైపు నుంచి మొదలైన గాలికి మా వంటింటి కిటికీ చట్రంతో సహా ఊడి లోపలికి పడింది.

గాలి ఒక్క పూటే. ఆ పూట గడిచాకే అసలు కష్టం మొదలైంది.

సోమవారం పొద్దున్నకల్లా పైన ట్యాంకు ఖాళీ. కింద సంపులో నీళ్లున్నాయి, పైకి ఎక్కించే మోటారుకి కరెంటు లేదు. లిఫ్టు లేదు. రెండు చేతులా బకెట్లతో నాలుగంతస్తులు ఎక్కడం, దిగడం. మోకాళ్ల నొప్పులతో ఉన్న మా అత్తగారు దొడ్డికి వెళ్లాలన్నా నీళ్లెక్కడ ఖర్చవుతాయోనని ఆపుకునేవారు. ఆ సంగతి మూడో రోజున కానీ నాకు చెప్పలేదు. ఆవిడ అది చెబుతున్నప్పుడు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మూడో రోజుకి సంపు కూడా అడుగంటింది, ఎందుకంటే ఊరికి నీళ్లు తోడే పంపులకీ కరెంటే కావాలి. ఏటీఎంలు పనిచేయలేదు. పెట్రోలు బంకుల దగ్గర కిలోమీటర్ల కొద్దీ వరసలు. ఫోన్లు మూగబోయాయి. మా వీధికి కరెంటు తొమ్మిదో రోజు వచ్చింది.

ఇల్లు సర్దుతుంటే కొవ్వొత్తుల పెట్టెలు రెండూ కనబడ్డాయి. ఒకదాన్ని అసలు విప్పనే లేదు. చీకటి పడగానే అలసటతో పడుకునేవాళ్లం, ఇక వెలుతురుతో పనేముంది? మేం చీకటికి సిద్ధపడ్డాం, నీళ్లకి సిద్ధపడలేదు. పిల్లల పాత నోటుపుస్తకంలో ఆ రోజే రాసుకున్నాను: కరెంటు పోతే ముందు పోయేది నీళ్లు, తర్వాత మందులు, తర్వాత కబుర్లు, ఆ తర్వాతే దీపం.

ఆ పుస్తకం నాలుగేళ్ల తర్వాత అక్కరకొచ్చింది.

మా పుట్టిల్లు ఉద్దానం ప్రాంతంలో. శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. కొబ్బరి, జీడి, పనస. ఎండాకాలం మధ్యాహ్నం కూడా నేల మీద ఎండ పడనంత తోటలు. 2018 అక్టోబరు 9, మంగళవారం. దసరా సెలవులు. తిత్లీ అనే తుపాను గోపాల్‌పూర్‌కీ కళింగపట్నానికీ మధ్య తీరం దాటొచ్చని రేడియోలో చెప్పారని నాన్న ఫోన్ చేశాడు. గొంతులో కంగారేమీ లేదు. 2013లో ఫైలిన్ కూడా చూసిన మనిషి. కానీ ఇంట్లో ఉన్నది ఆయనా అమ్మే. తమ్ముడు మా ఊరి కుర్రాళ్లు చాలామంది లాగే గల్ఫ్‌లో ఉన్నాడు. నాన్న పొద్దునా రాత్రీ ఇన్సులిన్ పొడుచుకుంటాడు. పిల్లల్ని మా ఆయనకి అప్పజెప్పి ఆ మధ్యాహ్నమే రైలెక్కాను. కంచిలిలో దిగేసరికి చీకటి పడింది. గాలి అనేదే లేదు. ఉక్క.

వెళ్లగానే నేనడిగిన మొదటి మాట, "నాన్నా, నూతి గిలకేదీ?"

మా పెరట్లో నుయ్యి ఉంది. ఇసక నేల కాబట్టి మా వైపు నీళ్లు పైపైనే పడతాయి, దాదాపు ప్రతి పెరట్లోనూ నుయ్యి ఉంటుంది. మోటారు పెట్టించుకున్నాక మాత్రం అందరూ నూతి మీద ఇనప జల్లెడ మూసేసి, గిలక తీసేశారు. నీళ్లు ఎదురుగా కనబడుతుంటాయి, తోడుకునే దారి ఉండదు. విశాఖలో సంపు దగ్గర పడ్డ పాట్లే అవి. గిలక ఎక్కడుందో నాన్నకి గుర్తులేదు. చేంతాడు మాత్రం అటక మీద ఉంటుందంది అమ్మ. నిచ్చెనేసి ఎక్కితే, పెళ్లిళ్ల గుండిగల వెనకాల చుట్ట చుట్టి ఉంది. కొబ్బరి పీచుతో పేనిన తాడు. విప్పి చూస్తే మధ్యలో ఒకచోట ఎలక కొరికింది. నాన్న దీపం దగ్గర కూచుని ఆ చోటుని తెంపి, రెండు కొసలూ కలిపి మళ్లీ పేనాడు. గిలక మర్నాడు పొద్దున్న పశువుల పాకలో దొరికింది. తుప్పు గీకి, ఇరుసులో కొబ్బరి నూనె పోసి, నూతి మీద దూలానికి కట్టాం. మొదటిసారి తిప్పినప్పుడు అది కిర్రుమంటే మా అమ్మ, "ఎన్నాళ్లయింది ఆ సప్పుడినీ" అంది.

బుధవారమంతా పనే. కరెంటు ఉండగానే మోటారు వేసి పైట్యాంకు, గాబు, గంగాళాలు, బిందెలు, చివరికి బట్టల టబ్బులు కూడా నింపేశాం. తాగే నీళ్లు వేరే, వాడుకునే నీళ్లు వేరే. తాగేవి మూతలున్న స్టీలు బిందెల్లో నడవలో పెట్టాం. ఐదు రోజులకి సరిపడా పిండి రుబ్బడం అనవసరం, ఫ్రిజ్ లేకపోతే రెండో రోజుకే పులిసిపోతుంది. దానికి బదులు అమ్మ అటుకులు, ఉప్పుడు రవ్వ, వేయించిన పిండి డబ్బాలకెత్తింది. గ్యాస్ సిలిండరు నిండుగా ఉన్నదాన్ని మార్చి పెట్టాను. సోంపేట వెళ్లి నాన్న మందులు నెలకి సరిపడా కొన్నాను. ఏటీఎంలో డబ్బు తీసి, పది, ఇరవై, యాభై నోట్లకి చిల్లర మార్పించాను. ఐదొందల నోటు పట్టుకుని కొట్టుకెళ్తే చిల్లర లేదని వట్టి చేతులతో తిరిగొచ్చిన రోజులు విశాఖలో చూశాను. ఫోన్లు, రెండు పవర్ బ్యాంకులు నింపి పెట్టాను. పొలం పాసుపుస్తకాలు, ఆధార్ కార్డులు, నాన్న ఆసుపత్రి కాగితాలు పాలిథీన్ సంచిలో కట్టి ట్రంకు పెట్టెలో పెట్టాను. ఫ్రీజర్‌లో ఖాళీ ఉన్నచోటల్లా నీళ్ల సీసాలు పెట్టి గడ్డకట్టించాను.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేస్తే ఒక్క మాట గట్టిగా చెప్పాను. "రేపటి నుంచి మా ఫోన్ కలవదు. కలవకపోతే ఏదో అయిందని అనుకోకు. రోజూ సాయంత్రం ఆరింటికి పది నిమిషాలు ఆన్ చేస్తాను, సిగ్నల్ ఉంటే మెసేజ్ పెడతాను." హుద్‌హుద్ అప్పుడు మా కబురు తెలియక వాడు అక్కడ మూడు రోజులు అన్నం తినలేదు.

రాత్రి గాలి మొదలైంది. తొమ్మిది దాటాక కరెంటు పోయింది. మెయిన్ స్విచ్ దింపేశాను. అమావాస్య వెళ్లి రెండు రాత్రులే అయింది, బయట ఏమీ కనబడదు. అర్ధరాత్రి దాటాక గాలి గొంతు మారింది. ఈల వేసినట్టుండేది కాస్తా బరువుగా, ఏదో వాహనం ఇంటి మీదికి వస్తున్నట్టు అయింది. నడిమింట్లో ముగ్గురం గోడకి ఆనుకుని కూచున్నాం. తెల్లవారుజామున నాలుగు దాటాక చెట్లు పడడం మొదలైంది. కొబ్బరి చెట్టు పడేటప్పుడు ముందు వేళ్ల దగ్గర పటపటమంటుంది, తర్వాత ఒక క్షణం నిశ్శబ్దం, తర్వాత నేల అదురుతుంది. ఆ నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. నాన్న మాత్రం చెట్లు లెక్కపెట్టాడు. ఇరవై దాటాక లెక్క ఆపేశాడు.

తిత్లీ పలాస దగ్గర తీరం దాటిందనీ, గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లనీ తర్వాత విన్నాం. తెల్లారి తలుపు తీస్తే మా ఊరు కాదది. ఆకాశం కనబడింది. మా పెరట్లోంచి ఆకాశం అంత పెద్దగా నేనెప్పుడూ చూడలేదు. తోటలన్నీ ఒకే వైపుకి తల పెట్టుకుని పడుకున్నాయి. కొబ్బరి చెట్టు నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, అరవై ఏళ్లు బతుకుతుంది. నాన్న గట్టు మీద నిలబడి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేను కూడా ఓదార్చే మాట వెతకలేదు.

కరెంటు స్తంభాలు సగానికి విరిగి, లోపలి ఇనప చువ్వలు బయటికొచ్చి వేలాడుతున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీంచి పక్కకి ఒరిగింది. వీధి పొడవునా తీగలు నేల మీద, నీళ్లలో, పడిన చెట్ల కింద. కరెంటు లేదని తెలిసి పిల్లలు వాటి మీంచి దూకుతున్నారు. ఆ పొద్దున్న మేం చేసిన మొదటి పని, కొబ్బరి మట్టలు అడ్డం పెట్టి ఆ తీగల దగ్గరికి ఎవరినీ పోనివ్వకపోవడం. ఎప్పుడు ఏ వైపు నుంచి కరెంటు వదులుతారో ఊళ్లో ఎవరికీ తెలియదు. చచ్చిన తీగ అనుకుని ముట్టుకోవడమే ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇక ఇన్సులిన్. ఫ్రిజ్ తలుపు తియ్యకుండా ఉంచితే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది, గడ్డకట్టిన సీసాలు ఉండబట్టి మాకు మర్నాటి దాకా ఆగింది. ఆ తర్వాత ఏం చెయ్యాలన్నది ముందే సోంపేటలో మందుల కొట్టాయన్ని అడిగి తెలుసుకున్నాను. వాడుతున్న సీసా మరీ వేడి తగలకుండా చూసుకుంటే నాలుగు వారాల దాకా బయట ఉండొచ్చు. విప్పని సీసాలనే చల్లగా కాపాడుకోవాలి. అలాగని ఐసుకి ఆనించకూడదు, ఒకసారి గడ్డకడితే ఆ మందు పనికిరాదు. మా పెరట్లో పెద్ద మట్టికుండ, చిన్న మట్టికుండ ఉన్నాయి. పెద్దదాంట్లో అడుగున ఇసక పోసి, మధ్యలో చిన్నది నిలబెట్టి, చుట్టూ సందంతా ఇసకతో నింపి తడిపాను. మందు సీసాల్ని పాలిథీన్ కాగితంలో చుట్టి, స్టీలు గ్లాసులో పెట్టి చిన్న కుండలోకి దింపాను. పైన తడిగుడ్డ. వంటింటి వెనక నీడలో, గాలి ఆడేచోట పెట్టాం. రోజుకి మూడుసార్లు ఇసక తడపాలి, ఆ పని అమ్మ తీసుకుంది. పొద్దున్నే గుడ్డ తీసి చెయ్యి లోపల పెడితే, నూతి గట్టు మీద తెల్లవారుజామున ఉండే చల్లదనం తగిలేది. ఫ్రిజ్ అంత చల్లగా ఏం ఉండదు, కానీ బయటి ఉక్కలో అదెంతో నయం. 14 రోజులూ నాన్నకి సూది తప్పలేదు. ఆయన తిండి మాత్రం నేను కనిపెట్టుకుని ఉన్నాను. చెట్లు నరకడానికి పొద్దున్నే గొడ్డలి పట్టుకుని వెళ్లిపోయేవాడు. ఇన్సులిన్ వేసుకుని తినకుండా ఎండలో పనిచేస్తే చక్కెర పడిపోతుంది. జేబులో బెల్లం ముక్క పెట్టి పంపేదాన్ని.

రెండో రోజుకల్లా ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు ఖాళీ అయింది. పంచాయతీ కుళాయిలు ఎండిపోయాయి. మా వీధిలో ఎనిమిది ఇళ్లకి నూతులున్నాయి, గిలకా తాడూ ఉన్నది మా ఒక్క నూతికే. తెల్లవారకముందే బిందెలు వరస కట్టేవి. మా అమ్మ ఎవరినీ కాదనలేదు. మిగతా నూతుల మీది జల్లెడలు విప్పించి, బట్టలారేసే నైలాను తాళ్లకి బకెట్లు కట్టి తోడడం మొదలెట్టారు. నైలాను తాడు అరచేతుల్ని కోసేస్తుంది. మా మేనత్త చేతులు రెండూ బొబ్బలెక్కితే పాత చీర ముక్కలు చుట్టుకుని తోడింది. వానకి నూతుల్లోకి పైనీళ్లు దిగి రంగు మారాయి. మరగబెట్టడానికి గ్యాసు దాచుకోవాలి, పడిన మట్టలు కట్టెలకి పనికొస్తాయి కానీ ఇంకా పచ్చివి. నాలుగో రోజు ఆశా కార్యకర్త క్లోరిన్ మాత్రలు తెచ్చి, 20 లీటర్ల నీళ్లకి ఒకటి వేసి అరగంట ఆగి తాగమంది. ఆ వాసన నచ్చక కొందరు పారబోశారు. వాళ్ల ఇళ్లకి వెళ్లి దండం పెట్టి చెప్పాను. నీళ్ల విరోచనాలు పట్టుకుంటే ఆసుపత్రికి తీసుకెళ్లడానికి దారి లేదప్పుడు.

ఐదో రోజున ప్రభుత్వం పంపిన జెనరేటర్ ట్రాక్టరు మీద వచ్చింది. ఊరి ట్యాంకు నింపి, పక్క ఊరికి వెళ్లిపోయింది. రెండు రోజులకొకసారి ఇలా మా వంతు వచ్చేది. అది వస్తోందని తెలిస్తే చాలు, ఊరంతా ఖాళీ బిందెలతో రోడ్డు మీదికొచ్చి నిలబడేది.

ఒక సంగతి రాయకుండా ఉండలేను. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోతోందో అందరికీ తెలిసిందే. మా వీధి చివరింటి చిన్నాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్. తుపాను వచ్చిన గురువారం ఆయన వెళ్లాల్సిన రోజు. రోడ్డు మీద అడుగుకో చెట్టు. ఊరి నిండా రాలిన కొబ్బరి బొండాలే, నీళ్లకి కరువైన ఊళ్లో అందరూ అవే కొట్టుకుని తాగుతున్నారు. ఆయనా ఒక బొండం అందుకున్నాడు. పిన్ని పరుగున వచ్చి చేతిలోంచి లాగేసుకుంది. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ తప్పిన మనిషికి అది గుండె ఆపేస్తుందని డాక్టరు చెప్పాడట. దాహంతో ఉన్న మనిషి ముందు బొండం లాక్కోవడం ఆవిడకి ఎంత కష్టమై ఉంటుందో! తడిగుడ్డతో పెదాలు తుడుస్తూ కూచుంది. ఆ మధ్యాహ్నం నుంచి మగవాళ్లంతా గొడ్డళ్లు, రంపాలు పట్టుకుని ఆయన కోసమే దారి తీశారు. కరెంటు రంపాలు ఎక్కడివి, అంతా చేతి పనే. శుక్రవారం చీకటి పడేదాకా నరికారు. శనివారం పొద్దున్న మోటారు సైకిలు మీద మధ్యలో కూచోబెట్టి, వెనక ఒకరు పట్టుకుని తీసుకెళ్లారు. ఆసుపత్రిలో యంత్రాలు జెనరేటర్ మీద నడుస్తున్నాయి. వరసలో కూచుంటే రాత్రికి వంతు వచ్చింది. ఆదివారం ఆయన నడిచి ఇంటికొస్తుంటే వీధి మొత్తం బయటికొచ్చింది. తుపాను రాబోతోందని తెలిసిన రోజునే, ఆయన వంతు ఒక రోజు ముందుకి జరిపించమని అడిగి ఉండాల్సింది. నా నోటుపుస్తకంలో అప్పటిదాకా లేని మాట అది. ఇప్పుడు మొదటి పేజీలో ఉంది.

ఫోన్ల విషయానికొస్తే, టవర్లకి బ్యాటరీ ఉంటుంది, తర్వాత డీజిలు జెనరేటర్. డీజిలు తెచ్చే దారి లేకపోతే టవరూ పోతుంది. మూడో రోజు హైవే దాకా నడిచి వెళ్తే సిగ్నల్ రెండు గీతలు కనిపించింది. తమ్ముడికి మెసేజ్ పెట్టాను: ముగ్గురం బాగున్నాం, ఇల్లు నిలబడింది, తోట పోయింది. ఊళ్లో ట్రాక్టర్ బ్యాటరీకి కార్లలో వాడే ఛార్జరు తగిలించి ఫోన్లు ఎక్కించేవాళ్లం. ఫోన్‌కి ఇంత అని ఎవరూ తీసుకోలేదు. బయటి కబురు మాకు నాన్న రేడియో చెప్పింది. ముఖ్యమంత్రి పలాసలోనే మకాం వేశారనీ, వేరే జిల్లాల నుంచి కరెంటు సిబ్బందిని దింపారనీ అందులోనే విన్నాం.

ఆ సిబ్బంది మా ఊరికి తొమ్మిదో రోజున వచ్చారు. గోదావరి జిల్లాల వాళ్లు. బడిలో పడుకున్నారు, వీధికో పూట చొప్పున అందరం వండి పెట్టాం. అప్పటిదాకా ఊళ్లో కోపం పేరుకుపోయి ఉంది, హైవే పక్క ఊళ్లకి దీపాలొచ్చాయి, మనల్ని మర్చిపోయారని. వాళ్లలో పెద్దాయన అన్నం తిన్నాక బడి ముందు ఇసకలో పుల్లతో గీసి చూపించాడు. "పెద్ద టవర్ల లైను నిలబడితేనే పెద్ద సబ్‌స్టేషన్‌కి కరెంటండి. అక్కణ్నించి 33 కేవీ, అంటే 33 వేల వోల్టుల లైను మీ సోంపేట, కవిటి వైపు సబ్‌స్టేషన్లకి. అక్కణ్నించి 11 కేవీ ఫీడరు. అది మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దాకా రావాలి. ఆ తర్వాతే మీ వీధి తీగలు, మీ ఇంటి సర్వీసు వైరు. పైది లేకుండా కిందది కట్టి ఏం లాభమండి?" మేం ఎదురు చూసిన తొమ్మిది రోజులూ పై పనే జరుగుతోందన్నమాట. ఈ ముక్క ఎవరో ఒకరు మొదటి రోజే చెప్పి ఉంటే ఆ కోపంలో సగం ఉండేది కాదు.

స్తంభాలు దింపే లారీ ఊళ్లోకి రాలేక రోడ్డు మీదే ఆగింది. అక్కణ్నించి ఒక్కో సిమెంటు స్తంభాన్ని తాళ్లేసి, పాతికమంది భుజాలు మార్చుకుంటూ మోశారు. గుంటలు గడ్డపారలతో తవ్వారు.

పదకొండో రోజున ఒక ప్రమాదం తృటిలో తప్పింది. పక్క వీధిలో ఒకాయన జెనరేటర్ అద్దెకి తెచ్చి, రెండు చివరలా ప్లగ్ ఉన్న వైరుతో దాన్ని ఇంట్లో సాకెట్‌కి ఎక్కించాడు. ఇల్లంతా వెలిగింది. మెయిన్ దింపలేదు. అదే సమయానికి స్తంభం ఎక్కుతున్న లైను కుర్రాడు టెస్టరు పెట్టి చూసి కిందికి దూకేశాడు. ఆ ఇంట్లోంచి బయటికి పోయిన 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లో తిరగబడి, పైన లైను మీద 11 వేల వోల్టులవుతాయి. సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ, అంటే లైను ఆపించి పని చేసుకునే అనుమతి తీసుకుని, లైను చచ్చిందని నమ్మి ఎక్కిన మనిషికి కింద నుంచి చావొస్తుంది. ఆ కుర్రాడికి పాతికేళ్లుంటాయేమో. అరగంట సేపు అరుగు మీద కూచుని మాట్లాడలేదు. జెనరేటర్ ఆయన వచ్చి చేతులు పట్టుకుని ఏడ్చాడు, నిజంగా ఆయనకి తెలియదు. ఆ సాయంత్రం మేం ఇల్లిల్లూ తిరిగి చెప్పాం: మెయిన్ దింపండి, జెనరేటర్ ఉంటే విడి వైరుతో ఫ్రిజ్‌కో మోటారుకో నేరుగా పెట్టుకోండి, ఇంటి వైరింగ్‌కి కలపొద్దు. దాన్ని ఇంట్లో, వరండాలో కూడా పెట్టొద్దు, ఆ పొగకి వాసన తెలియకుండానే మనిషి పోతాడు.

24వ తేదీ, బుధవారం, పద్నాలుగో రోజు. తిత్లీ వచ్చిన రాత్రి కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి, ఆ సాయంత్రం మాత్రం పడిపోయిన తోటల మీద నిండు చంద్రుడు. ఏడు దాటాక పెద్దాయన వచ్చి, "ఇప్పుడు లైను వదులుతామమ్మా, ఎవరూ తొందరపడి అన్నీ వేసెయ్యొద్దండి, ముందు ఒక్క బల్బు చూసుకోండి" అన్నాడు. ఎందుకని అడిగాను. కొత్తగా కట్టిన తీగల్లో న్యూట్రల్ ఎక్కడైనా సరిగ్గా బిగవకపోతే ఒక ఇంట్లో బల్బు మసకబారుతుంది, పక్కింట్లో 400 వోల్టుల దాకా ఎక్కి టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయట. 14 రోజులు ఆగాం, ఇంకో పావుగంట ఆగలేమా?

మెయిన్ ఎత్తాను. నడవలో బల్బు ఒక్కటే వేశాను. వెలిగింది. ఎక్కువా కాదు, తక్కువా కాదు, మామూలుగా వెలిగింది. అమ్మ దాని కింద నిలబడి కాసేపు అలాగే చూసింది. నాలుగిళ్ల అవతల దీపం మరీ తెల్లగా మండుతోందని కేకేస్తే ఆ కుర్రాడే, పదకొండో రోజు దూకినవాడే, పరుగెత్తుకెళ్లి స్తంభం ఎక్కి బిగించి వచ్చాడు. మా అమ్మ వాళ్లందరికీ మజ్జిగ పోసింది. గ్లాసులు కింద పెట్టగానే సామాను లారీకి ఎత్తేశారు. మా నుంచి రెండు కిలోమీటర్ల అవతలి ఊరు ఇంకా మిగిలే ఉంది.

నేను డాబా ఎక్కాను. మా వీధి పొడవునా వెలుతురు. అటువైపు, మునుపు తోటలు అడ్డుండి ఎన్నడూ కనబడని పక్క ఊరు, వెన్నెట్లో నల్లగా ఉంది. లారీ లైట్లు అటే పోతున్నాయి.

కింద నుంచి నాన్న కేకేశాడు. "మోటారెయ్యమ్మా. గాబు, బిందెలు అన్నీ నింపు. ఆ ఊరోళ్లు పొద్దుట నీళ్లకొస్తారు."